దో ప్లేట్

మన తెలుగు సంఘం పిల్లలు ఈ ఏడాది ఒక పుస్తకం వేస్తున్నారట. రైల్వేలో ఉద్యోగం చేసి దిగిపోయిన వాళ్ళందరూ తలా ఒక జ్ఞాపకం రాసివ్వాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. మా ఇంటికొచ్చిన అమ్మాయి తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవడం రాదు. "మీరు రాసీండి అంకుల్, మా నాన్న చేత చదివించుకుంటాను, పక్కా" అనేసి వెళ్ళింది. అంచేత ముందుగా, చదివి వినిపించబోయే ఆ నాన్నగారికి నా నమస్కారాలు. అక్షరాలు గుండ్రంగానే రాస్తున్నాను, కళ్ళజోడు లేకపోయినా సరిపోతుంది.

ఇదే పుస్తకంలో డ్రైవర్లు సిగ్నళ్ళ గురించి రాస్తారు, గార్డులు బొగ్గు దొంగల గురించి రాస్తారు. నేను వంటవాణ్ణి. రన్నింగ్ రూమ్‌లో ముప్ఫై నాలుగేళ్ళు గరిటె తిప్పి రిటైరయ్యాను. నా వల్ల ఒక్క రైలూ పట్టాలు తప్పలేదు, నా వల్ల ఒక్క ప్రాణమూ నిలబడలేదు. నేను చెప్పబోయేది ఒక మాంసం ముక్క సంగతి. ఒక మనిషి తన ఆఖరి డ్యూటీ రోజున ఒంటరిగా భోజనం చెయ్యకూడదనుకున్నాడు. ఆ కోరిక తీర్చడం పూర్తిగా నా చేతిలోనే ఉంది. నేను తీర్చలేదు.

రన్నింగ్ రూమ్ అంటే, పిల్లలూ, దూరం నుంచి బండి తెచ్చిన డ్రైవరూ గార్డూ మళ్ళీ బండెక్కేలోపల స్నానం చేసి, తిని, కాసేపు పడుకునే చోటు. ఇప్పుడు ఏసీలు పెట్టారు, వంట కాంట్రాక్టుకిచ్చారు, అందరికీ ఒకటే భోజనం. మా రోజుల్లో ఎవరి సరుకు వాళ్ళే సంచిలో తెచ్చుకునేవారు. ఒకాయన గుప్పెడు కందిపప్పు, రెండు వంకాయలు ఇచ్చేవాడు. ఇంకొకాయన కాగితంలో చుట్టిన చేప ఇచ్చేవాడు. ఎవరిది వాళ్ళకి విడిగా వండి, ఎవరి గిన్నె వాళ్ళ ముందు పెట్టాలి. ఒకే గట్టు మీద పది ఇళ్ళ వంట అన్నమాట.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఖలాసీగా చేరాడు. ఇల్లు ఆ ఊళ్ళోనే, తార్‌బహార్ పేటలో. నాకు మాత్రం మొదటి పోస్టింగు రాయగఢ్‌లో ఇచ్చారు. అక్కడ పదకొండేళ్ళు చేశాను. మా ఇంట్లో పులుసులో బెల్లం పడకపోతే దాన్ని పులుసు అనరు. ఆ అలవాటు నా చేతికి అంటుకుని నాతోపాటు డ్యూటీకి కూడా వచ్చింది. బీహారు గార్డుగారి పప్పులో బెల్లం, నాగ్‌పూర్ డ్రైవరుగారి గుమ్మడికాయ కూరలో బెల్లం. ఫిర్యాదుల పుస్తకంలో నా మీద పడ్డ మొట్టమొదటి ఫిర్యాదు "దాల్ మీఠా హై" అని, పప్పు తియ్యగా ఉందట. సంతకంతో సహా.

అక్కడ పెద్ద వంటాయన ఛత్తీస్‌గఢీ ముసలాయన. మాట తక్కువ, కేక ఎక్కువ. పని నేర్పించింది ఆయనే. బండి లేటై డ్రైవరు ఇంకా రాకపోతే, ఆయన భోజనం ఒక ప్లేటులో సర్ది, దాని మీద ఇంకో ప్లేటు బోర్లించి, పొయ్యి పక్కన గట్టు మీద పెట్టాలి. ఆయన వచ్చినప్పుడు తింటాడు. అది చెప్పడానికి ముసలాయన "దో ప్లేట్!" అని ఒక్క కేక వేసేవాడు. అది వంటింటి భాష. అవతల గదిలో భోజనాల బల్ల ముందు కూర్చునే వాళ్ళకి దానితో పని లేదు. ఏళ్ళ తరబడి విని విని ఆ రెండు మాటలకి నా బుర్రలో ఒకటే అర్థం ఉండిపోయింది. మనిషి లేడు, తిండికి మూత పెట్టు అని.

ఇక ఆ డ్రైవరుగారు. ఆంగ్లో-ఇండియన్. పుట్టిందీ పెరిగిందీ వాల్తేరు రైల్వే కాలనీలో, ఉద్యోగం బిలాస్‌పూర్‌లో. తెల్లగా పొడుగ్గా ఉండేవాడు. చూస్తే ఇంగ్లీషు వస్తుందేమో అని భయపడతాం, నోరు తెరిస్తే అచ్చంగా మా అమ్మమ్మ భాష. పెళ్ళి చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్ళు తల్లితో ఉన్నాడు, ఆవిడ పోయాక కోటర్లో ఒక్కడే. ఖరగ్‌పూర్‌లో ఒక చెల్లెలు ఉండేదని విన్నాను.

బండి తీసుకుని రాయగఢ్ వచ్చిన ఒక రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏటోయ్, నీకు స్టేకొచ్చా?" అన్నాడు.

నాకు 'టేకు' అని వినపడింది.

"టేకు కర్రా సాబ్? ఎంత కావాలేటి?" అన్నాను.

ఆయన గుమ్మం పట్టుకుని మరీ నవ్వాడు. తరవాత సంచిలోంచి మాంసం తీసి గట్టు మీద పెట్టాడు. మేక తొడ, ఎముక చుట్టూ అడ్డంగా కోసిన అంగుళం మందం ముక్క. అసలు స్టేకు వేరే మాంసంతో చేస్తారట. మాకు దొరికేది మేకే, పైగా దాన్ని తాకి చూస్తే నేను విన్న మాటే సరైనదనిపించింది.

"ముక్కలు కొయ్యకు. ఇలగే పెనం మీద కాల్చాల. మా యమ్మ పైన ఏటో పూసేది. తియ్యగుండేది, పుల్లగుండేది, ఉప్పగుండేది. అద్దంలాగ మెరిసేది."

"దాన్నేటంటారు సాబ్?"

"గ్లేజు."

"పాకమన్నమాట."

"ఆఁ, పాకమే అనుకో. సేసీ చూద్దాం."

పాకం అనేసరికి నాకు ధైర్యం వచ్చింది. బెల్లం నా సొంత ఆస్తి కదా. ఇనప పెనం బాగా కాల్చి ముందు బెల్లం వేశాను, దాని మీద మాంసం వేశాను. బెల్లం నిమిషంలో మాడి నల్లగా అయింది, వంటిల్లంతా పొగ. పెద్దాయన కేకలు. డ్రైవరుగారు మాత్రం ఆ ముక్కని చివరిదాకా తిని, మూతి తుడుచుకుని, "బొగ్గింజన్ రోజులు గుర్తొచ్చాయోయ్" అన్నాడు. ఫిర్యాదుల పుస్తకం అడగలేదు. మళ్ళీ వారం ఇంకో ముక్కతో వచ్చాడు.

అలా ఆయనకీ నాకూ మధ్య ఆ ముక్క ఒక పని అయింది. ఒకసారి చేదు, ఒకసారి లోపల పచ్చి, ఒకసారి పులుసులో ముంచినట్టు. మూడు నాలుగు నెలలకి దారి దొరికింది. ముక్కని సన్నికల్లు పొత్రంతో తట్టి, పచ్చి బొప్పాయి గుజ్జు రాసి గంట ఉంచాలి. గుజ్జు తుడిచేసి, ఉప్పూ మిరియాల పొడీ పట్టించి, కాలే పెనం మీద రెండు వైపులా రంగు వచ్చేదాకా కదపకుండా కాల్చి, సెగ తగ్గించి లోపలి పచ్చి పోయేదాకా ఉంచి తియ్యాలి. అదే పెనంలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, చింతపండు రసం, బెల్లం, చుక్క వెనిగర్. తీగ పాకం దాకా పోకూడదు, గరిటెని అంటిపెట్టుకుంటే చాలు. అప్పుడు ముక్కని మళ్ళీ వేసి, గరిటెతో పాకం పైన పోస్తూ, పోస్తూ ఉండాలి. మెరుపు దానంతట అదే వస్తుంది.

మొదటిసారి అలా మెరిసిన రోజున నేను అలవాటుగా మూత వెయ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "మూతెట్టకు. ఆవిరి నీరైపోయి పాకాన్ని కడిగేస్తాది. మా యమ్మ ఎప్పుడూ ఎట్టనిచ్చేది కాదు." నిజమే. ఆ తరవాత ఆయన ముక్కకి ఎప్పుడూ మూత పెట్టలేదు. ఆయన బండి వచ్చాకే పెనం ఎక్కించేవాణ్ణి. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోవలసిన రోజున గుర్తుంచుకోలేదు.

తరవాత నన్ను బిలాస్‌పూర్ రన్నింగ్ రూమ్‌కి మార్చారు. మా ఆవిడ సంతోషించింది. కాని రన్నింగ్ రూమ్ బయటూరు వాళ్ళకే. బిలాస్‌పూర్ డ్రైవరు బిలాస్‌పూర్‌లో దిగితే తన ఇంటికి పోతాడు. కాబట్టి డ్రైవరుగారికి నా వంట తప్పిపోయింది. స్టేషను దారిలో ఎదురైతే స్కూటరాపి, "మీ రాయగఢ్‌లో కొత్తోడు బెల్లమంటే బర్ఫీలోకా అంటన్నాడోయ్" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఒక్కసారి ఇంటికి రండి సాబ్, చేసి పెడతాను అనాలని నాకు తోచలేదు. డ్రైవరంటే డ్రైవరు, వంటవాడంటే వంటవాడు, అలాగే ఉండేది మరి.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక గురువారం ఆయన మా రన్నింగ్ రూమ్ వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు. నేను బియ్యం ఏరుతున్నాను.

"శనివారం నా ఆకరి ట్రిప్పోయ్. మద్దినేలకి బండి తెచ్చేస్తాను. లాబీలో దండలూ అవీ ఏస్తారు. ఆరింటికి ఇంటికొచ్చేస్తాను. నీకు శనివారం రెస్టే కదేటి?"

"రెస్టే సాబ్."

"మా కోటర్లో స్టేకు చెయ్యాల. ఎప్పటి ముక్క కాదు, పెద్దది తీసుకో." జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "దో ప్లేట్ లగానా, సమ్‌ఝే?" అన్నాడు.

"సమ్‌ఝా సాబ్" అన్నాను. అంత నమ్మకంగా నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ జవాబు చెప్పి ఉండను.

శనివారం సాయంత్రం నాలుగింటికి వెళ్ళి తాళం తీశాను. ఇల్లు సగం సర్దేసి ఉంది. గోడ వారన రెండు ట్రంకు పెట్టెలు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద కొత్త ఆయిల్ క్లాతు, మడతలు ఇంకా పోలేదు. ఒక పాత చెక్క కుర్చీ, దాని ఎదురుగా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ వెనక పక్క కోటరు వాళ్ళ ఇంటిపేరు పెయింటుతో రాసి ఉంది, అడిగి తెచ్చినట్టున్నాడు. నాకు సంచి పెట్టుకోవడానికి చోటు దొరికిందనుకుని ఆ కుర్చీలో సంచి పెట్టాను.

ఆ రోజు కుదిరినట్టు పాకం ఎప్పుడూ కుదరలేదు. ముక్క పెద్దది, రంగు సమానంగా వచ్చింది. పైన గరిటెతో పోస్తూ ఉంటే కిటికీలోంచి ఎండ పడి మెరిసింది. నాకు నిజంగా గర్వం వేసింది. ఐదున్నర దాటింది. బల్ల మీద ప్లేటు పెట్టి, అందులో ముక్క పెట్టి, వేయించిన బంగాళాదుంపలు పక్కన సర్ది, రెండో ప్లేటు తీసి దాని మీద బోర్లించాను. దో ప్లేట్. మూత పెట్టొద్దని చేతికి అడ్డం పడ్డ మనిషి, తానే దో ప్లేట్ అంటే నాకు అనుమానం రావాలా వద్దా? రాలేదు. పెద్ద ముక్క ఎందుకని రాలేదు. రెండో కుర్చీ ఎందుకని రాలేదు. సంచి తీసుకుని, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఇంటికి వచ్చేశాను. డ్రైవర్లు డ్యూటీ ఎక్కి దిగే లాబీ వైపు నుంచి డప్పులు వినిపించాయి. బాగా జరుగుతోంది అనుకున్నాను.

మా ఆవిడ వాకిట్లో ఎదురైంది. "ఏటి, అప్పుడే వచ్చేసారు?"

"పనైపోయింది. మూతెట్టి వచ్చాను."

"ఆయనింట్లో ఎవులున్నారు?"

"ఎవులూ లేరు."

"మరి ఆకరి దినాన ఒక్కడూ కూకుని తింటాడేటి, పాపం?"

"పెద్ద డ్రైవరు. బోల్డుమంది వస్తారు, నీకెందుకు" అన్నాను.  నేను కాళ్ళు కడుక్కుని టీవీ ముందు కూర్చున్నాను.

మర్నాడు ఆదివారం పొద్దున్నే గిన్నెలు తోమిపెట్టి రావాలని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. బంతిపూల దండ గోడకున్న మేకుకి వేలాడుతోంది. బల్ల మీద రెండు ప్లేట్లూ విడివిడిగా ఉన్నాయి. ఒకటి చెక్క కుర్చీ ముందు, ఖాళీగా, ఎముక మాత్రం పక్కన. రెండోది ఎర్ర కుర్చీ ముందు. అందులో ముక్కలో సగం, కత్తితో సరిగ్గా మధ్యకి కోసింది, ఎవరూ తాకనిది. పాకం నీరైపోయి, కొవ్వు తెల్లగా పేరుకుంది. ప్లేటుకి అటూ ఇటూ ఫోర్కూ కత్తీ. శుభ్రంగా కడిగిన గ్లాసు ఒకటి బోర్లించి ఉంది.

అప్పుడు తెలిసింది నాకు, రెండో ప్లేటు నాకని.

ఈ కథ నేను రన్నింగ్ రూమ్‌లో ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు. ప్రతిసారీ ఇక్కడితో ఆపేసేవాణ్ణి. అందరూ పగలబడి నవ్వేవారు. ఆయన రెండు ప్లేట్లు పెట్టమంటే వీడు ఒకదాని మీద ఒకటి పెట్టాడ్రా అని కొత్తగా వచ్చిన వాళ్ళకి నా పేరు బదులు ఇదే చెప్పేవారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. నవ్వించే కథ ఒకటి చేతిలో ఉంటే మనిషికి కాస్త పరపతి ఉంటుంది.

డ్రైవరుగారు ఆ వారమే ఖరగ్‌పూర్ వెళ్ళిపోయాడు. రెండు మూడేళ్ళు కొత్త సంవత్సరానికి కార్డు వేశాడు, వెనక అడ్రసుతో. ఏమని జవాబు రాయాలో తెలియక రాయలేదు. తరవాత కార్డులు రాలేదు. ఉన్నాడో లేడో కనుక్కుందామని చాలాసార్లు అనుకున్నాను, కనుక్కోవడం నా వల్ల కాలేదు.

మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. మాకు పిల్లల్లేరు. తార్‌బహార్‌లో అదే ఇంట్లో, మేడ మీద ఒక గదిలో ఉంటున్నాను. పది ఇళ్ళ వంట వండిన చేతికి ఒక మనిషికి వండడం ఇంకా అలవాటు కాలేదు, ప్రతిపూటా అన్నం ఎక్కువవుతుంది. ఎప్పుడైనా ఆదివారం నాడు స్టేకు చేసుకుంటాను. మాంసం కొట్టతను అంగుళం మందాన కోస్తూ "ఏకే పీస్, చాచా?" అని ఇప్పటికీ అడుగుతాడు. ఒక్క ముక్కే, ఏకే పీస్ అంటాను. గ్యాసు పొయ్యి మీద కూడా పాకం బాగానే వస్తుంది. తినేటప్పుడు ఎదురుగా గోడ ఉంటుంది. ఇలా ఎంతకాలమైనా ఉండొచ్చు గాని, ఇది ఎలా ఉంటుందో ఆ మనిషికి నాకంటే ముందే తెలుసు. తెలిసే, నోరు తెరిచి అడిగాడు. అడగడం ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుస్తోంది. నేను ఇంతవరకూ ఎవర్నీ అడగలేకపోయాను.

అందుకే ఈసారి మిగతాది కూడా రాస్తున్నాను. ప్లేటు మీద ప్లేటు పెట్టడం తెలియక చేసిన తప్పు. దానికి నవ్వొచ్చు, ఆయనా నవ్వేవాడే. ఆ తరవాత జరిగింది నేను తెలిసి చేశాను.

నేను బల్ల దగ్గర అలా నిలబడి ఉండగా ఆయన పెరట్లోంచి లోపలికి వచ్చాడు. బనియను, లుంగీ, భుజం మీద తువ్వాలు. మొహంలో కోపం లేదు.

"ఎనిమిదింటి దాకా సూసానోయ్. డ్యూటీ పడిందేటి?"

సాబ్, దో ప్లేట్ అంటే మా వంటింట్లో వేరే అర్థం, నన్ను భోజనానికి పిలిచారని నాకు తెలియలేదు. ఈ ఒక్క ముక్క చెబితే అయిపోయేది. కాని చెప్పాలంటే ఆయన నన్ను పిలిచాడని, ఆ ఎర్ర కుర్చీ నా కోసం తెచ్చాడని, నేను దాని మీద సంచి పెట్టుకున్నానని పైకి అనాలి. సిగ్గేసింది.

"ఔను సాబ్. ఒకడు రాలేదు, నన్ను పిలిచారు" అన్నాను.

"అదే అనుకున్నాను" అన్నాడు. ఆయన మొహం తేలికపడింది. "పోన్లే. నీ వాటా అలగే ఉంది. వేడి సేసుకుని తినీ."

"తిన్నాను సాబ్. ఇంటికాడ తినే వచ్చాను."

 అది అబద్ధమని ఆయనకి తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

"అచ్ఛా" అన్నాడు. చెక్క కుర్చీ లాక్కుని కూర్చుని, రెండో ప్లేటు తన ముందుకి జరుపుకున్నాడు. ఫోర్కు చేతిలోకి తీసుకుని, తల ఎత్తకుండా, "కూకోనైనా కూకో కాసేపు" అన్నాడు.

"గిన్నెలున్నాయి సాబ్" అన్నాను.

సింకు దగ్గరికి వెళ్ళి, వీపు ఆయన వైపు పెట్టి కొళాయి తిప్పాను. వెనక ప్లేటు మీద కత్తి చప్పుడు వినిపిస్తోంది. "సల్లారినా బాగుందోయ్" అన్నాడు ఒకసారి. నేను పొద్దుటి నుంచి టీ నీళ్ళు కూడా తాగలేదు, కడుపు నకనకలాడుతోంది. తోమడానికి ఒక పెనమూ గరిటే ఉన్నాయంతే. ఆయన తినడం అయిపోయేదాకా వాటినే తోముతూ నిలబడ్డాను.